పీస్ రేటు ఎక్కడ పుడుతుంది? స్మిత్, మిల్, మార్క్స్ వేసిన మూడు లెక్కలు

కూలి కట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. పనిచేసిన గంటలనో రోజులనో లెక్కపెట్టి ఇచ్చేది ఒకటి, తయారైన సరుకును లెక్కపెట్టి ఇచ్చేది రెండవది. వెయ్యి బీడీలకు ఇంత, చొక్కాకు ఇంత, టన్ను బొగ్గుకు ఇంత అని మాట్లాడుకునే ఈ రెండవ పద్ధతినే మనం పీస్ రేటు అంటున్నాం. పైకి చూస్తే ఇందులో తిరకాసేమీ కనిపించదు. ఎక్కువ చేసినవారికి ఎక్కువ, తక్కువ చేసినవారికి తక్కువ. కష్టానికి తగ్గ ఫలితం అనే మాటకు ఇంతకన్నా సూటి రూపం ఉండదనిపిస్తుంది. అయినా అర్థశాస్త్రవేత్తలైన ఆడమ్ స్మిత్, జాన్ స్టూవర్ట్ మిల్, కార్ల్ మార్క్స్ ఇదే పద్ధతిని పరిశీలించి మూడు వేర్వేరు నిర్ణయాలకు వచ్చారు. (మార్క్స్‌ను సంప్రదాయ అర్థశాస్త్రవేత్తల్లో చేర్చవచ్చా అన్న వాదన ఒకటుంది. ఆయన వారి విమర్శకుడే, కాని లెక్క వేసింది మాత్రం వారి పలక మీదే.) ముగ్గురూ చూసిన వాస్తవాలు ఇంచుమించు ఒకటే అయినప్పుడు తీర్పులు ఇంతగా ఎందుకు వేరయ్యాయో తెలియాలంటే, ముక్కకు ఇంత అన్న ధర అసలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. ఆ ప్రశ్నను స్మిత్ పక్కన పెట్టాడు, మిల్ తేలిగ్గా తీసుకున్నాడు, మార్క్స్ ఒక్కడే దాన్ని చివరిదాకా పట్టుకున్నాడు.

స్మిత్ 1776లో ప్రచురించిన ‘జాతుల సంపద’ మొదటి భాగంలో, కూలి గురించిన ఎనిమిదవ అధ్యాయంలో ఈ ప్రస్తావన వస్తుంది. ఆ సందర్భాన్ని మరచిపోతే ఆయన మాట సగమే అర్థమవుతుంది. పేదవాడికి కూలి పెంచితే సోమరి అవుతాడనీ, ఆకలి ఉంటేనే చేతులు కదులుతాయనీ ఆ కాలపు ఇంగ్లండులో చదువుకున్నవారు సైతం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ఖండించడానికి స్మిత్ తెచ్చిన సాక్ష్యాల్లో పీస్ రేటు ఒకటి. ముక్క లెక్కన ధారాళంగా కూలి ఇచ్చిన చోట మనుషులు సోమరులు కావడం అటుంచి, తమ ఆరోగ్యం చెడేంతగా పనిచేస్తారని ఆయన అన్నాడు. లండన్‌లో వడ్రంగి పూర్తి సత్తువతో పనిచేయగలిగేది ఎనిమిదేళ్లకు మించదని అప్పట్లో అనుకునేవారని రాశాడు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం వెలువరించిన ఇటలీ వైద్యుడు రామజ్జీనిని కూడా ఈ చోటనే పేర్కొన్నాడు. సైనికులను ఎవరూ గొప్ప కష్టజీవులుగా లెక్కించరు, కాని వారిని కొన్ని పనుల్లో పెట్టి ముక్క లెక్కన మంచి కూలి ఇచ్చినప్పుడు, రోజుకు ఇంత మొత్తానికి మించి సంపాదించనివ్వరాదని అధికారులు గుత్తేదారుతో షరతు పెట్టుకోవలసి వచ్చేదట. పోటీలో పడి ఒళ్లు గుల్ల చేసుకుంటారని అధికారుల భయం.

యజమానులు తరచుగా చేసే ఫిర్యాదుకు కూడా స్మిత్ ఇక్కడే జవాబు చెప్పాడు. వారంలో మూడు రోజులు పనివాళ్లు ఖాళీగా తిరుగుతారన్నది ఆ ఫిర్యాదు. మిగిలిన నాలుగు రోజుల్లో మితిమీరి పనిచేయడమే చాలాసార్లు ఆ మూడు రోజుల బద్ధకానికి అసలు కారణమని ఆయన సమాధానం. నిలకడగా చేయగలిగేంత మితంగా పనిచేసేవాడే ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉంటాడనీ, ఏడాది పొడుగునా లెక్క చూస్తే ఎక్కువ పని చేసేది కూడా అతడేననీ స్మిత్ తేల్చాడు. ఆయన చూపంతా మనిషి దేహం మీద ఉంది. అదే అధ్యాయంలో మరో వాక్యం ఉంది, దాన్ని చాలామంది గమనించకుండా దాటిపోతారు. సొంతంగా పనిచేసుకునే పేద వృత్తిదారు, ముక్క లెక్కన పనిచేసే కూలివాడి కన్నా ఎక్కువ శ్రద్ధగా పనిచేస్తాడని, ఎందుకంటే మొదటివాడి కష్టఫలం మొత్తం అతడిదేననీ, రెండవవాడు దాన్ని యజమానితో పంచుకుంటాడనీ స్మిత్ అన్నాడు. పంచుకుంటాడన్న మాట అన్న తర్వాత, ఆ పంపకం ఏ నిష్పత్తిలో, ఎవరి నిర్ణయంతో జరుగుతుందో ఆయన వివరించలేదు.

ఆ నిర్ణయం పుస్తకాల్లోకి రాకముందే చట్టంలోకి వచ్చింది. లండన్ తూర్పు భాగంలోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లకు ముక్క ధరలను న్యాయాధికారులు ఖరారు చేసేలా 1773లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఏ రకం గుడ్డకు గజానికి ఎంతో ధరల పుస్తకంలో ఉండేది, దాన్ని మీరిన యజమానికి జరిమానా పడేది. యాభై ఏళ్ల తర్వాత ఈ చట్టాన్ని రద్దు చేయాలని వాదించినవారిలో, అప్పటికి పార్లమెంటు సభ్యుడైన అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో ఒకడు. కూలిని తక్కిన అన్ని ఒప్పందాల మాదిరిగానే స్వేచ్ఛగా జరిగే మార్కెట్ పోటీకి వదిలిపెట్టాలన్నది 1817 నాటి తన గ్రంథంలోనే ఆయన చెప్పిన సూత్రం. చట్టం 1824లో రద్దయింది. ముక్క ధరను బేరం తేల్చాలా, బయటి అధికారం తేల్చాలా అన్న తగవులో మొదటి పక్షం అప్పటికి గెలిచింది.

ఆ పక్షానికి అన్నిటికన్నా గట్టి వాదన మిల్ అందించాడు. ‘రాజకీయ అర్థశాస్త్ర సూత్రాలు’ మొదటిసారి 1848లో వచ్చింది. అందులో కార్మిక సంఘాల గురించి చెబుతూ, పీస్ రేటును వ్యతిరేకించే కార్మికులను మిల్ చాలా కటువుగా మందలించాడు. రేటు చాలకపోతే అభ్యంతరం చెప్పడం న్యాయమేనని ఒప్పుకున్నాడు. రేటు సరిగా ఉన్నా ఆ పద్ధతే వద్దనడం మాత్రం న్యాయాన్ని వద్దనడమేననీ, తీసుకున్న డబ్బుకు తగ్గ పని ఎగవేయాలన్న కోరికేననీ అన్నాడు. ఆయన దృష్టిలో పీస్ రేటు ఒప్పందానికి పరిపూర్ణ రూపం, పనిచేసేవాడికి అన్నిటికన్నా అనుకూలం, పనిచేయకుండా జీతం కావాలనేవాడికి ప్రతికూలం. కార్మికుల పట్ల సానుభూతిలో మిల్ ఎవరికీ తీసిపోడు కనుక ఈ మాటల్లోని కాఠిన్యం కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే ఆ వాదనలో దాగిన షరతును గమనించాలి. రేటు సరిగా ఉంటేనే అన్నది ఆయనే పెట్టిన షరతు. ఇవాళ సరిగా ఉన్న రేటు రేపూ అలాగే ఉంటుందన్న పూచీ ఒప్పందంలో ఎక్కడ ఉంది?

మార్క్స్ 1867లో వెలువరించిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పీస్ రేటుకు ఒక అధ్యాయం మొత్తం కేటాయించాడు. పీస్ రేటు అనేది కాలాన్ని బట్టి ఇచ్చే కూలికి మారు రూపం మాత్రమేనని అందులో ప్రధాన వాదన. ఇది నినాదంలా వినిపిస్తుంది కాని, వెనుక ఉన్నది మామూలు భాగహారం. ఆయన వేసిన లెక్కనే చూద్దాం. పన్నెండు గంటల పనిదినంలో సగటు నైపుణ్యం గల కార్మికుడు 24 ముక్కలు తయారుచేస్తాడనుకుందాం. ముడిసరుకు, పనిముట్ల ఖర్చు తీసివేయగా ఆ ముక్కల్లో అతడు కొత్తగా చేర్చిన విలువ 6 షిల్లింగులు, అంటే 72 పెన్నీలు. ముక్కకు 3 పెన్నీలు పడింది. అతడి రోజు కూలి 3 షిల్లింగులు, అంటే 36 పెన్నీలు. దాన్ని 24తో భాగిస్తే ముక్కకు ఒకటిన్నర పెన్నీ. కార్మికుడి కంటికి కనిపించేది ఆ ఒకటిన్నర పెన్నీ ఒక్కటే. అది ముక్క విలువను తూచి కట్టిన ధర అని అతడు అనుకుంటాడు. నిజానికి ముందు ఖాయమైంది రోజు కూలి, ఆ తర్వాత రోజుకు ఎన్ని ముక్కలన్న అంచనా, ఆ రెండింటినీ భాగిస్తే చివరికి మిగిలింది ముక్క ధర.

ఇది కాగితం మీది ఊహ కాదనడానికి మార్క్స్ లండన్‌లోని పెద్ద దర్జీ షాపుల వాడుకను చూపించాడు. అక్కడ ఒక చేతుల్లేని కోటును ‘గంట’ అనో ‘అరగంట’ అనో పిలిచేవారు, గంటకు 6 పెన్నీలు. సగటు దర్జీకి ఆ కోటు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో అనుభవం మీద అందరికీ తెలుసు కనుక బట్టకూ కాలానికీ ఒకే పేరు సరిపోయింది. కొత్త మోడల్ వచ్చినప్పుడో, చిరిగిన బట్టకు మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడో ఆ పని ఎన్ని గంటలతో సమానమో యజమానికీ దర్జీకీ మధ్య తగవు వచ్చేది. గడియారాన్ని పక్కన పెట్టామనుకున్న చోట కూడా బేరం గడియారం మీదే జరిగేది.

భాగహారంలో హారం మారితే ఏమవుతుందో ఇంగ్లండులో నూలు మిల్లుల ప్రాంతమైన లాంకషైర్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో 1861లో జరిగిన ఒక వివాదం చూపిస్తుంది. రాజకీయ నాయకుడు జాన్ బ్రైట్ కుటుంబానికి చెందిన తివాచీ కర్మాగారంలో కొత్త యంత్రాలు పెట్టారు. అంతకుముందు 160 గజాలు నేయడానికి పట్టే కాలంలో ఇప్పుడు 240 గజాలు నేయవచ్చు. యజమానులు గజానికి ఇచ్చే కూలిని ఒకటిన్నర పెన్నీ నుంచి ఒక పెన్నీకి తగ్గిస్తామన్నారు. నూట అరవైని ఒకటిన్నరతో గుణించినా, రెండు వందల నలభైని ఒకటితో గుణించినా వచ్చేది 240 పెన్నీలే. కార్మికుడి సంపాదన పైసా కూడా తగ్గలేదని యజమాని పక్షం వాదన. యంత్రం మీద పెట్టిన పెట్టుబడికి వచ్చే లాభంలో వాటా అడిగే హక్కు కార్మికులకు లేదని లండన్ పత్రిక ఒకటి వారిని సమర్థించింది. మార్క్స్ ఆ వ్యాఖ్యను తన అధ్యాయంలో అధోజ్ఞాపికగా ఎత్తి చూపాడు. కార్మికుడు ఇన్నాళ్లూ తాను గజాలు అమ్ముతున్నానని అనుకున్నాడు. గజాల సంఖ్య పెరిగిన మరుక్షణం, అతడు అమ్మింది గజాలు కాదనీ, రోజులేననీ యజమాని లెక్కే రుజువు చేసింది. యజమాని వాదన అంకెల్లో తప్పు పట్టలేనిది. పీస్ రేటు అంటే పనికి తగ్గ ఫలితమన్న మొదటి వాదనను మాత్రం అది తుడిచిపెట్టేస్తుంది.

ఇక్కడ మార్క్స్ కొత్తగా చేర్చింది మనం అనుకునేంత ఎక్కువేమీ కాదు. కూలికి సహజ ధర ఒకటి ఉంటుందనీ, కార్మికులు తాము బతికి, తమ సంతతిని తగ్గకుండా పెరగకుండా నిలుపుకోవడానికి ఎంత అవసరమో అదే ఆ ధర అనీ రికార్డో ఏనాడో చెప్పాడు. మార్కెట్ కూలి చాలాకాలం దానికి పైన ఉండవచ్చని కూడా ఆయన ఒప్పుకున్నాడు. అయినా కూలిని చివరికి లాగి నిలిపేది జీవనావసరాలే అయితే, ఒక వృత్తిలోని అందరూ రెట్టింపు ముక్కలు చేయడం మొదలుపెట్టినప్పుడు అందరికీ రెట్టింపు కూలి నిలబడడానికి ఆ సిద్ధాంతంలో ఆధారం లేదు. ముక్క ధర దిగిరావలసిందే. ఒక్కడు మాత్రం తన పక్కవాళ్ల కన్నా వేగంగా చేస్తే సగటు ఆధారంగా కట్టిన రేటు మీద అతడికి నిజంగానే ఎక్కువ ముడుతుంది. మిల్ చెప్పిన న్యాయం ఈ ఒక్కడి విషయంలో అక్షరాలా నిజం. అందరూ అతడిని అందుకున్న రోజున అతడి వేగమే కొత్త సగటు అవుతుంది, ఆ కొత్త సగటుతో మళ్లీ భాగహారం జరుగుతుంది. మిల్ ఒక మనిషి గురించి మాట్లాడితే మార్క్స్ ఒక వృత్తి గురించి మాట్లాడాడు. ఇద్దరి తగవులో సగం ఇక్కడే తీరిపోతుందని నా అభిప్రాయం.

మిగతా సగం నష్టభయం ఎవరిదన్న విషయం. రోజు కూలిలో పని ఆగినా, సరుకు నాసిరకమైనా నష్టం ప్రధానంగా యజమానిది. పీస్ రేటులో అది చడీచప్పుడూ లేకుండా కార్మికుడి మీదికి మారుతుంది. దీనికి మన దేశంతో సంబంధం ఉన్న ఉదాహరణ ఒకటుంది. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి 1865 వరకు లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి రాక దాదాపు ఆగిపోయి, భారతదేశపు పత్తి వాడవలసి వచ్చింది. దాన్ని అక్కడ సూరత్ పత్తి అనేవారు. దాని పీచు పొట్టిది, చెత్త ఎక్కువ, యంత్రం మీద దారం మాటిమాటికీ తెగేది. తెగిన పోగును అతికేంతసేపు గజం ముందుకు సాగదు. అవే గంటలు, అంతకు మించిన చాకిరీ, అయినా వారం చివర చేతికి వచ్చేది తక్కువ. దేవుడా పత్తి పంపు, సూరత్ పత్తి మాత్రం వద్దు అని అక్కడివాళ్లు ప్రార్థించేవారన్న కథ ఈ కష్టం లోంచే పుట్టింది. పత్తి కొన్నది మిల్లు యజమాని, తెగిన పోగుల ఖరీదు కట్టింది నేత కార్మికుడు.

కొలత దగ్గర కూడా ఇదే పేచీ. బొగ్గు గనుల్లో కూలి బరువును బట్టి ఇచ్చేవారు. తొట్టెలో రాళ్లు కలిశాయనో, పూర్తిగా నిండలేదనో చెప్పి కూలి కోయడం, ఒక్కోసారి తొట్టె మొత్తాన్నే లెక్కలో చేర్చకపోవడం మామూలుగా జరిగేది. తూకం దగ్గర తమ తరఫు మనిషిని తమ ఖర్చుతో నిలబెట్టుకునే హక్కు బ్రిటన్ గని కార్మికులకు 1860 నాటి చట్టంతో వచ్చింది. తాను తవ్విన బొగ్గు ఎంతో తానే చూసుకోవడానికి కూడా చట్టం అవసరమైందంటే, ముక్కను లెక్కపెట్టడం ముక్క ధరను నిర్ణయించడంతో సమానమైన అధికారమని అర్థం చేసుకోవాలి.

నాణ్యతనూ వేగాన్నీ రేటే అదుపు చేస్తుంది కనుక పర్యవేక్షణ ఖర్చు తగ్గుతుందనీ, అందువల్ల పని ఇళ్లకు తరలి, మధ్యలో గుత్తేదార్లు పుట్టుకొస్తారనీ మార్క్స్ రాశాడు. ఫ్రాన్సులో కార్మికుల శ్రమ మీద ఇలా గుత్త పట్టి మధ్యలో మిగుల్చుకునే పద్ధతిని 1848 మార్చి 2న తాత్కాలిక ప్రభుత్వం నిషేధించింది.

ఇంతవరకు చదివితే పీస్ రేటు ఎప్పుడూ కార్మికుడికి కీడేనన్న నిర్ణయానికి రావడం సులువు. మార్క్స్ అధ్యాయం ధోరణి కూడా అదే, పెట్టుబడిదారీ ఉత్పత్తి విధానానికి అన్నిటికన్నా బాగా పొసిగే కూలి రూపం ఇదేనని ఆయన అన్నాడు. లాంకషైర్ చరిత్ర దీనికి లొంగదు. అక్కడి నూలు, నేత కార్మికుల సంఘాలు బ్రిటన్‌లోకెల్లా బలమైనవి, అవి పీస్ రేటును వ్యతిరేకించకపోగా పట్టుబట్టి కోరాయి. సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతులు 1897లో ప్రచురించిన కార్మిక సంఘాల అధ్యయనంలో దీనికి కారణం వివరించారు. మిల్లులో వేగం యంత్రానిది. యజమాని యంత్రం వేగం పెంచితే రోజు కూలి కార్మికుడు అదే జీతానికి ఎక్కువ చాకిరీ చేయవలసి వస్తుంది. ముక్క లెక్క అయితే పెరిగిన చాకిరీకి పెరిగిన కూలి వస్తుంది. ఇంజనీరింగ్ కర్మాగారాల్లో మాత్రం ఏ రెండు పనులూ ఒకేలా ఉండవు. ప్రతి పనికీ ఫోర్‌మన్ అప్పటికప్పుడు ధర కడతాడు, ఎదురుగా ఉండేది ఒంటరి కార్మికుడు. అందుకే ఇంజనీరింగ్ కార్మికుల సంఘం పీస్ రేటుకు బద్ధ విరోధి. కూలి రూపం ఒకటే, ధర కట్టే చేతులు వేరు.

ఆ ధరను ఉమ్మడి బేరంలోకి తేవడానికి లాంకషైర్ కార్మికులు కనిపెట్టిన సాధనం ధరల జాబితా. నేతకు బ్లాక్‌బర్న్ జాబితా 1853లోనూ, జిల్లాలన్నిటికీ ఉమ్మడి జాబితా 1892లోనూ వచ్చాయి. మగ్గం వెడల్పు, అచ్చు (పడుగు పోగులను వరుసలో ఉంచే దువ్వెన వంటి పనిముట్టు) సంఖ్య, అంగుళానికి ఎన్ని పేక (అడ్డు) పోగులు, నూలు ఎంత సన్నం వంటి వివరాలన్నీ వేసి ఏ గుడ్డకు ఎంతో గుణించి చెప్పే పట్టికలవి. మామూలు మనిషికి అర్థం కానంత చిక్కుగా ఉండేవి కనుక, లెక్కల్లో ఆరితేరినవారిని సంఘాలు పరీక్ష పెట్టి కార్యదర్శులుగా తీసుకునేవి. నేత కార్మికురాలికి ఆమె పని వివరాలనూ రేటునూ కాగితం మీద రాసి ఇవ్వాలని 1891 ఫ్యాక్టరీ చట్టం యజమానిని ఆదేశించింది. ఓల్డ్‌హామ్ నూలు కార్మికుల జాబితాలోనైతే యంత్రం ప్రమాణ వేగాన్ని మించినప్పుడు కలిగే ప్రయోజనంలో సగం కార్మికుడికి చెందేది. రోచ్‌డేల్ తివాచీ నేతగాళ్లకు వాటా అడిగే హక్కే లేదని పత్రిక రాసిన ఆ ప్రాంతంలోనే, పదిహేనేళ్లు తిరిగేసరికి మరో వృత్తివాళ్లు ఆ వాటాను నిష్పత్తితో సహా కాగితం మీద పెట్టించుకోగలిగారు. మార్క్స్ భాగహారం తప్పని దీనర్థం కాదు. హారాన్ని ఎప్పుడూ యజమానే దిద్దుతాడని ఆయన అనుకున్న చోటే చరిత్ర వేరే దారి పట్టింది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా తెగలేదు. మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి చీరకు ఇంత అని మజూరీ కట్టే చోట, మగ్గం మీద కూర్చున్నవారి పని మాత్రమే లెక్కకు వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టిన గంటలు, పాత పడుగుకు కొత్త పోగులు కలుపుతూ అచ్చు అతికిన రోజులు విడిగా ఎక్కడా కనిపించవు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలకు ఆకూ తంబాకూ తూచి ఇచ్చి, బదులుగా ఇన్ని బీడీలు రావాలంటారు. తునికాకు నాసిరకమై కత్తిరింపులో చిరిగిపోతే, తక్కువ పడిన ఆకును ఆమే కొనుక్కోవాలి. సూరత్ పత్తి నాటి పంపకమే ఇది.

ముక్క ధర వెనుక రోజు కూలి ఉందన్న సంగతి చట్టానికి తెలుసు. 1948 కనీస వేతనాల చట్టం పీస్ రేటు కార్మికులకు కనీస ముక్క ధరతో పాటు, కాలాన్ని బట్టి కనీసం ఇంత అందాలన్న హామీ రేటును కూడా నిర్ణయించే వీలు కల్పించింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ హామీ ఉంది. కాని ఆ హామీ అమలు కావాలంటే పనిగంటలను ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. బీడీ పని ఇంట్లో, వంటకూ పిల్లలకూ మధ్య సాగుతుంది, హాజరు పట్టీ ఉండదు. ప్రభుత్వం కనీస కూలిని వెయ్యి బీడీలకు ఇంత అని ప్రకటిస్తుంది. ఆ వెయ్యి చుట్టడానికి ఎనిమిది గంటలు పడుతుందా, పది పడుతుందా, అది ఇరవై ఏళ్ల చేతుల వేగమా యాభై దాటిన చేతుల వేగమా అన్నది రేటును సవరించిన ప్రతిసారీ బేరంలోకి రావలసిన అంకె. సంఘాలు సాధారణంగా అడిగేది రూపాయల పెంపు. ఈ అంకె మాత్రం వెనకటిలాగే ఉండిపోతోంది.